వడగళ్ళకు ముందు అరగంట, తరువాత మూడు వారాలు

సంపాదకుల వారికి నమస్కారాలు.

సాలూరు దాటి సుంకి ఘాట్ ఎక్కగానే మొదలయ్యే ఒడిశాలోని కోరాపుట్ పీఠభూమిలో, పొట్టంగి, సెమిలిగూడ, సునాబెడ, దమన్‌జోడి ప్రాంతాల్లో, తరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలూ కర్మాగారాల ఉద్యోగాల కోసం వచ్చి ఇక్కడే ఉండిపోయిన తెలుగు కుటుంబాలూ చాలా ఉన్నాయి. ఫాల్గుణం వచ్చి చలి తగ్గుముఖం పట్టగానే ఈ ఇళ్ళ ముందు, పెరళ్ళలో గులాబి, మల్లె, సన్నజాజి, మందారం, నందివర్ధనం, జామ, నిమ్మ, మామిడి అంట్లు వంటి బహువార్షిక మొక్కలు, అంటే ఏళ్ళ తరబడి బతికేవి, నాటుకోవడం ఏటా జరిగేదే. సరిగ్గా ఆ మొక్కల వేళ్ళు కొత్త మట్టిని పట్టుకుంటున్న రోజుల్లోనే, అంటే మార్చి నుంచి మే దాకా, మధ్యాహ్నం తిరిగాక ఉరుములతో, ఈదురుగాలితో వడగళ్ళు పడుతుంటాయి. ఇరుగుపొరుగు ఒడియా వారు కాళబైశాఖి అని పిలిచే ఈ గాలివానలు కొన్ని నిమిషాల్లో ముగుస్తాయి. నాటి నెల కూడా తిరగని మొక్క మాత్రం ఆ నిమిషాల్లోనే ఆకులన్నీ పోగొట్టుకుంటుంది. వాటిని కాపాడుకోవడం సాధ్యమేననీ, అందుకు కావలసిన సమాచారం సరిహద్దుకు ఇవతల ఉన్న తెలుగు పాఠకులకు సమయానికి అందడం లేదనీ తమ దృష్టికి తీసుకురావడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ముందుగా ఈ ఎత్తులో వడగళ్ళ బెడద ఎందుకు ఉంటుందో చెప్పాలి. బంగాళాఖాతం నుంచి వచ్చే తేమ గాలి, వాయవ్యం నుంచి వచ్చే పొడి గాలి వేసవి ఆరంభంలో తూర్పు కనుమల మీద కలుసుకుంటాయి. ఎండకు కాగిన నేల ఆ తేమను పైకి తోస్తుంది. కొండ వాలు ఆ తోపుకు మరింత బలం ఇస్తుంది. అలా లేచిన క్యుములోనింబస్ మేఘంలో, అంటే ఉరుముల మేఘంలో, నీటి బిందువులు గడ్డకట్టే ఎత్తుకు పోయి, పైకి వీచే గాలి మోసినంతసేపు పొర మీద పొరగా మంచు పేరుకుని, ఇక మోయలేని బరువైనప్పుడు రాలిపడతాయి. కిందికి వస్తున్నకొద్దీ వెచ్చటి గాలిలో వడగల్లు కరుగుతుంది. తీరప్రాంతంలో అది చాలాసార్లు చినుకై నేలను తాకుతుంది. సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల ఎత్తున ఉన్న మా పీఠభూమిలో అది కరగవలసిన దూరం ఆ మేరకు తక్కువ. అంగుళం లోపు వ్యాసమున్న వడగల్లే గంటకు 15 నుంచి 40 కిలోమీటర్ల వేగంతో పడుతుంది. దానికి ఈదురుగాలి తోడైతే లేత కాండం బెరడు ఒక వైపంతా చితికిపోతుంది.

మా ఇళ్ళలో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. అక్కడి తోటపని సలహాలు ఫోన్లలో ఇక్కడికి వస్తుంటాయి కనుక మంచుకూ వడగళ్ళకూ ఉన్న తేడాను కూడా వివరించడం అవసరమనిపిస్తున్నది. కొలరాడో వంటి రాష్ట్రాల్లో వసంతం ముగిసే దశలో కూడా హిమపాతం వస్తుంది. 2022 మే 20, 21 తేదీల్లో అక్కడ కురిసిన మంచుకు ఆకు తొడిగిన చెట్ల కొమ్మలు విరిగిపడ్డాయి. అక్కడ మొక్కకు వచ్చే ముప్పు రెండు విధాలు: తడి మంచు బరువు ఒకటి, ఆ వెంటనే వచ్చే రాత్రి చలి రెండవది. చిత్రమేమిటంటే నేలబారు మొక్కలకు ఆ మంచే కొంత రక్షణ. కొత్తగా పడిన మంచులో నూటికి తొంభై పాళ్ళు గాలే ఉంటుంది కనుక బొంత కప్పినట్టు నేలలోని వెచ్చదనాన్ని నిలిపి ఉంచుతుంది. అందువల్ల అక్కడి వారు బట్టనో బకెట్టునో మొక్క మీద నేలను తాకేదాకా కప్పి, తెల్లవారి వాతావరణం వేడెక్కగానే తీసేస్తారు. కొమ్మల మీద మంచును చీపురుతో కింది నుంచి పైకి మెల్లగా తట్టి రాలుస్తారు. వీటిలో కప్పే పద్ధతి డిసెంబరు, జనవరి నెలల్లో పొట్టంగి వైపు గడ్డి మీద మంచు బిందువులు గడ్డకట్టే రాత్రులకు మనకూ పనికివస్తుంది. వడగళ్ళ విషయంలో మాత్రం మనం ఆపవలసింది చలిని కాదు, దెబ్బను. మొక్కను తాకుతూ కప్పిన పలచటి గుడ్డ ఆ దెబ్బను ఆపలేదు, వడగళ్ళ బరువుకు అదే మొక్క మీద పడి చిగురును విరిచేస్తుంది.

కాబట్టి కప్పు మొక్కకు తగలకుండా ఉండాలి. అడుగు లోపు ఎత్తున్న మొక్కలకు మన వారపు సంతల్లో దొరికే వెదురు గంపకు మించిన సాధనం లేదు. మొక్క మీద బోర్లించి పైన ఒక రాయి పెడితే గాలికి కదలదు, సందుల్లోంచి గాలి ఆడుతుంది, వడగల్లు లోపలికి రాదు. మోకాలి ఎత్తు మొక్కలకు నాలుగు వైపులా వెదురు బొంగులు పాతి, పైన మందపాటి గోనె సంచిని గాని రెండు మడతలు వేసిన షేడ్‌నెట్‌ను గాని బిగించి కట్టాలి. ఒక వైపు బొంగులు జానెడు పొట్టిగా ఉంటే వడగళ్ళు నిలవకుండా జారిపోతాయి. ప్లాస్టిక్ టార్పాలిన్‌ను ఎంచుకునేవారు ఎక్కువే గాని, అది గాలిని పట్టి తెరచాపలా లేచిపోతుంది, బొంగులను పెకలిస్తుంది, ఆ బొంగులే మొక్క మీద పడతాయి. గాలి దూరిపోయే వల, గోనె మేలు. హిమాచల్ ప్రదేశ్‌లో ఆపిల్ రైతులు తోటల మీద పరిచేది కూడా వలనే. బొంగులను మార్చి మొదటి వారంలోనే పాతి ఉంచుకుని, గోనెలను చేతికందే చోట పెట్టుకుంటే, ఆకాశం నల్లబడ్డాక చేయవలసిన పని కొద్ది నిమిషాలదే అవుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక గట్టిగా చెప్పాలి. మొదటి ఉరుము వినబడిన తరువాత ఎవరూ మొక్కలు కప్పడానికి బయటికి వెళ్ళకూడదు. ఉరుము వినబడిందంటే పిడుగు పడగలిగే దూరంలోనే మనం ఉన్నామని అర్థం. చివరి ఉరుము వినబడి అరగంట గడిచేదాకా ఇంట్లోనే ఉండాలి. పిడుగుపాటును రాష్ట్ర విపత్తుల జాబితాలో చేర్చవలసి వచ్చిన రాష్ట్రం ఒడిశా. ఎంత అపురూపమైన అంటు అయినా ప్రాణం కంటే ఎక్కువ కాదు. అందుకే ముందస్తు సూచన అందడం గురించి ఇంతగా అడుగుతున్నాను.

ఆ సూచన సంగతికి వస్తే, భారత వాతావరణ శాఖ పసుపు, నారింజ, ఎరుపు రంగులతో జిల్లాలవారీగా హెచ్చరికలు ఇస్తుంది. రానున్న మూడు గంటల్లో ఉరుములు, వడగళ్ళు, ఈదురుగాలి వచ్చే అవకాశాన్ని కూడా విడిగా ప్రకటిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌కు అమరావతి కేంద్రం, ఒడిశాకు భువనేశ్వర్ కేంద్రం ఈ పని చేస్తున్నాయి. తెలుగు పత్రికలు సహజంగానే అమరావతి ప్రకటనను ప్రచురిస్తాయి. అందులో పార్వతీపురం మన్యం, అల్లూరి సీతారామరాజు, శ్రీకాకుళం జిల్లాల పేర్లు ఉంటాయి. ఆ జిల్లాలను ఆనుకునే ఉన్న కోరాపుట్, రాయగడ, గజపతి, మల్కన్‌గిరి పేర్లు ఉండవు. భువనేశ్వర్ ప్రకటన ఒడియా, ఇంగ్లీషు పత్రికల్లో వస్తుంది. ఒడియా మాట్లాడగలిగినా చదవలేని పెద్దలు మా ఇళ్ళలో ఎందరో ఉన్నారు. సెమిలిగూడ నుంచి విశాఖపట్నం గగన మార్గాన సుమారు 120 కిలోమీటర్లే. మా మీద కమ్ముకునే మేఘాన్ని విశాఖ డాప్లర్ రాడార్ చూడగల దూరంలోనే మేమున్నాము. మేఘానికి రాష్ట్ర సరిహద్దు లేదు, అరకు మీద ఉరిమినది గంటలో పొట్టంగి మీద కురవవచ్చు, పొట్టంగి మీద లేచినది సాలూరు మీదికి దిగవచ్చు. ఈ నాలుగు జిల్లాల వివరం అచ్చయితే అవతలి పాఠకులకు కూడా అది ఉపయోగమే.

మొక్కల ఎంపిక, నాటే కాలం గురించి నా అభిప్రాయం కూడా చెప్పనివ్వండి. ఈ ప్రాంతానికి పూలమొక్కలు, పండ్ల అంట్లు గోదావరి తీరంలోని కడియం నర్సరీల నుంచి ఎక్కువగా వస్తాయి. అవి మంచి మొక్కలే, సందేహం లేదు. అయితే అక్కడి తేమలో, నీడలో, తరచు నీటితో పెరిగిన కాండం మెత్తగా ఉంటుంది, ఆకు పలచగా ఉంటుంది. ఘాట్ ఎక్కించి తెచ్చిన మర్నాడే ఎండలో పాతితే ఆ మొక్క గాలికే వాడిపోతుంది, వడగళ్ళ మాట తరువాత. తెచ్చినదాన్ని సంచిలోనే ఉంచి, మొదటి మూడు నాలుగు రోజులు చెట్టు నీడన, తరువాత ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోట, ఆపైన రోజు రోజుకూ కాస్త ఎక్కువసేపు ఎండలో పెడుతూ, నీటిని కొంచెం తగ్గిస్తూ వస్తే పది పదిహేను రోజుల్లో ఆకు మందమవుతుంది, కాండం గట్టిపడుతుంది. మంచు దేశాల్లో కూడా గాజు ఇంట్లో పెరిగిన మొక్కను ఇలా అలవాటు చేసిన తరువాతే బయట నాటుతారు. ఇక మామిడి, జామ, నిమ్మ వంటి చెట్టు జాతులను ఈ పీఠభూమిలో ఫాల్గుణంలో నాటవలసిన అవసరమే లేదని నా గట్టి నమ్మకం. వాటికి జూన్‌లో తొలకరి పడ్డాకనే అదను. వడగళ్ళ కాలం అప్పటికి వెళ్ళిపోతుంది, నీళ్ళు మోసే శ్రమ తప్పుతుంది, చలి వచ్చేసరికి వేరు దిగి ఉంటుంది. నర్సరీ బండి మార్చిలో వచ్చింది కదా అని కొన్నవారు సంచి మార్చి కాస్త పెద్దదానిలో పెట్టి వసారా అంచున మూడు నెలలు ఉంచుకోవడం మంచిది.

ఇప్పుడు అసలు విషయం. నేను చూసినంతలో కొత్త మొక్కలు వడగళ్ళ వల్ల కంటే ఆ తరువాత మన తొందర వల్లనే ఎక్కువగా పోతున్నాయి. ఆకులన్నీ చిరిగి, కొమ్మ వంగిపోయి కనబడగానే, ఇక ఇది బతకదని పీకి పారేసి, ఆ గోతిలోనే మరొకటి కొని నాటేవారు ఉన్నారు. నాటిన మొక్క ప్రాణం ఆకులో కాదు, వేరులోనూ కాండంలోనూ ఉంది. గోటితో బెరడును కొద్దిగా గీకి చూస్తే అడుగున పచ్చగా, తడిగా కనబడితే అది బతికే ఉన్నట్టు. పైన గోధుమ రంగుగా ఎండి ఉంటే ఇంకా కిందికి దిగి చూడాలి. ఎక్కడ పచ్చదనం కనబడితే అక్కడి కణుపు నుంచి చిగురు వస్తుంది. దీనికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. అంతవరకూ మొక్కను పీకకూడదు.

ఆ మూడు వారాల్లో చేయవలసిన పనులు కొన్ని వాన వెలిసిన రోజే మొదలవుతాయి. కప్పిన గంపలు, గోనెలు వెంటనే తీసేయాలి. వడగళ్ళ మర్నాడు ఎండ చురుకుగా ఉంటుంది, గాలి ఆడని బకెట్టు కింద మొక్క ఉడికిపోతుంది. పాదులో పేరుకున్న వడగళ్ళను చేత్తో పక్కకు తీసి, నీళ్ళు నిలవకుండా చిన్న కాలువ తీయాలి; అవి త్వరగా కరగాలని వేడినీళ్ళు పోయడం లేత వేరుకు హాని. ఒరిగిన మొక్కను నిలబెట్టి, మొదట్లో మట్టిని మెల్లగా అదిమి, ఊతంగా పుల్ల పాతి, పాత నూలు గుడ్డపేలికతో పుల్లకూ కాండానికీ మధ్య ఒక మెలిక వచ్చేలా వదులుగా కట్టాలి. విరిగి వేలాడుతున్న కొమ్మను పదునైన కత్తెరతో, విరిగినచోటికి కింద ఉన్న ఆరోగ్యమైన కణుపుకు కాస్త పైన, ఏటవాలుగా కత్తిరించాలి. చిరిగిన ఆకులను మాత్రం అన్నిటినీ తుంచేయకూడదు. సగం ఆకు మిగిలినా ఆ సగం మొక్కకు ఆహారం తయారు చేస్తుంది, కాండానికి నీడనిస్తుంది. కుళ్ళుతున్నవీ పూర్తిగా నల్లబడినవీ తీస్తే చాలు. ఆకులు పోయిన మొక్కకు పడమటి ఎండ తగలకుండా నాలుగైదు రోజులు వేపమండలు గాని కొబ్బరి మట్ట గాని అడ్డం గుచ్చితే బెరడు కాలిపోదు.

దెబ్బ తిన్న మొక్కకు బలం కావాలని వెంటనే యూరియా వేయడం చాలా ఇళ్ళలో కనిపించే అలవాటు. ఆకులు లేని మొక్క నీటిని తక్కువగా పీలుస్తుంది, ఆ స్థితిలో పాదులో చేరిన ఎరువు లేత వేళ్ళను కాల్చుతుంది. కొత్త చిగుళ్ళు రెండు మూడు ఆకులు విప్పుకున్న తరువాత పశువుల ఎరువో వానపాముల ఎరువో గుప్పెడు వేసి, ఎండుగడ్డిని రెండు మూడు అంగుళాల మందాన, కాండానికి ఆనకుండా పాదు చుట్టూ పరిస్తే చాలు. నీళ్ళు కూడా ఎప్పటికంటే తక్కువే పోయాలి.

గాయాలకు మందు విషయంలో కాస్త శ్రద్ధ అవసరం, ఎందుకంటే చితికిన బెరడులోంచే శిలీంద్రాలు, బాక్టీరియా లోపలికి పోతాయి. నిమ్మజాతి మొక్కలకు, మామిడి అంట్లకు ఈ బెడద మరీ ఎక్కువ. వాన వెలిసి ఆకు తడి ఆరగానే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే శిలీంద్రనాశిని కలిపి చల్లవచ్చు. ఇంట్లో చేసుకోదలచినవారు బోర్డో మిశ్రమం కలుపుకోవచ్చు. ఒక శాతం మిశ్రమానికి 100 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం (కాపర్ సల్ఫేట్), కిలో సున్నం అవసరం. లేత చిగురున్న మొక్కలకు అందులో సగం బలం చాలు, అంటే లీటరు నీటికి రెండూ అయిదేసి గ్రాములు. మైలుతుత్తాన్ని ఒక ప్లాస్టిక్ పాత్రలో, సున్నాన్ని మరొక దానిలో విడివిడిగా కరిగించి, మైలుతుత్తం నీటిని సున్నపు నీటిలోకి కలుపుతూ పోసుకోవాలి. ఇనుప పాత్ర వాడరాదు. కలిపిన మిశ్రమంలో శుభ్రమైన ఇనుప మేకును కొద్దిసేపు ముంచి తీస్తే, దాని మీద రాగి రంగు పూత కనబడినట్లయితే సున్నం చాలలేదని అర్థం, ఇంకొంత కలపాలి. ఈ మిశ్రమాన్ని ఆ రోజే వాడేయాలి. కాండం మీద చితికిన చోట్లకు మాత్రం 10 లీటర్ల నీటికి కిలో మైలుతుత్తం, కిలో సున్నం నిష్పత్తిలో చిక్కటి పేస్టు చేసి కుంచెతో పూయాలి. మందులు తాకేటప్పుడు చేతులకు తొడుగులు ఉండాలి, మిగిలినది బావి దగ్గర పారబోయకూడదు.

అంటు మొక్కలు ఉన్నవారు మరొక సంగతి గమనించాలి. వడగళ్ళకు పైభాగం చచ్చిపోయి, అంటు కట్టిన చోటికి కింది నుంచి చిగుళ్ళు ఏపుగా వస్తే సంతోషించడానికి వీలులేదు, అవి వేరుమూలానివి, అంటే అంటు కట్టడానికి అడుగున వాడిన మొక్కవి. వాటిని పెరగనిస్తే మనం కొన్న గులాబి, మనం కోరిన మామిడి రాదు. అంటుకు పైన ఒక్క కణుపు బతికి ఉన్నా కింది చిగుళ్ళను ఎప్పటికప్పుడు తుంచేస్తూ ఆ కణుపును కాపాడాలి. పైన ఏదీ బతకకపోతే అప్పుడు మార్చక తప్పదు. ఇందుకు భిన్నంగా నేలసంపెంగ, మెట్టతామర, అల్లం జాతి పూలమొక్కలు పైనంతా చితికినా దుంపలోంచి మళ్ళీ వస్తాయి, వాటి గురించి ఎవరూ దిగులు పడనక్కరలేదు. మల్లె, మందారం కూడా మొండి జాతులే.

పెరటి మొక్కలకు నష్టపరిహారం ఎవరూ ఇవ్వరు, అది అడగడం లేదు. కానీ కొండ పల్లాల్లో ఎకరం, రెండెకరాలలో మామిడి, జీడిమామిడి నాటుకున్న చిన్న రైతులు, వారిలో ఎక్కువమంది ఆదివాసులు, వడగళ్ళు కేంద్రం గుర్తించిన ప్రకృతి విపత్తుల జాబితాలో ఉన్నాయన్న సంగతి తెలుసుకోవడం అవసరం. 2022-23 నుంచి 2025-26 ఆర్థిక సంవత్సరం వరకు వర్తించేలా చేసిన నిబంధనల ప్రకారం 33 శాతం, ఆపైన నష్టపోయిన బహువార్షిక పంటలకు హెక్టారుకు రూ.22,500 చొప్పున, రైతుకు రెండు హెక్టార్ల పరిమితితో సాయం నిర్ణయించారు. నష్టాన్ని రెవెన్యూ సిబ్బంది వచ్చి చూసే ముందే విరిగిన మొక్కలను పీకి తోట శుభ్రం చేసేస్తే లెక్కించడానికి ఆధారం మిగలదు. అందుకే అదే రోజు తేదీ కనబడేలా ఫొటోలు తీసి, తహసీల్దారు కార్యాలయంలో రాతపూర్వకంగా తెలియజేయడం మంచిది. మొక్కను పీకకుండా ఆగమని పైన చెప్పిన మాటకు ఇది కూడా ఒక కారణమే.

కాబట్టి తమకు నా విన్నపం ఇది. ఏటా మార్చి 1 నుంచి మే 31 దాకా, శ్రీకాకుళం, పార్వతీపురం మన్యం సంచికల వాతావరణ పట్టికలో కోరాపుట్, రాయగడ, గజపతి, మల్కన్‌గిరి జిల్లాల ఉరుములు, వడగళ్ళ హెచ్చరికను భువనేశ్వర్ కేంద్రం ప్రకటన నుంచి తీసుకుని తెలుగులో ప్రచురించగలరు. ఉదయం అచ్చయ్యే పత్రిక మూడు గంటల సూచనను అందించలేదని తెలుసు. ఆ రోజుకు ఏ జిల్లాకు ఏ రంగు హెచ్చరిక ఉందో తెలిసినా గోనెలు సిద్ధం చేసుకోవడానికి మాకు సరిపోతుంది. వ్యవసాయం పేజీలో ఒక వారం, ఫాల్గుణం వెళ్ళకముందే, కొండ ప్రాంతాల్లో లేత మొక్కల రక్షణ గురించి ఉద్యాన శాఖ అధికారులతోనో సెమిలిగూడ వ్యవసాయ పరిశోధన కేంద్రం శాస్త్రవేత్తలతోనో రాయించగలిగితే, నేను ఇక్కడ చెప్పినదాని కంటే వివరంగా, సాధికారంగా పాఠకులకు అందుతుంది.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
సెమిలిగూడ, కోరాపుట్ జిల్లా, ఒడిశా.